శంక యెవరిపైన? నమ్మిక యెవరియందు?

మన యిండ్లలోనికి చేతిఫోను వచ్చి యొక తరము గడచినది. 1995 జులై 31వ తేదీన కలకత్తాకును ఢిల్లీకిని నడుమ మన దేశపు మొదటి మొబైల్ సంభాషణము జరిగినప్పుడు అది మంత్రులకును శ్రీమంతులకును మాత్రమే యందు వస్తువు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా వెల పడిపోయిన పిదప అది కూలివాని జేబులోనికిని కూరలమ్మునామె గంపలోనికిని చేరినది. కావున ఈ యంత్రము మేలు చేయునా కీడు చేయునా యని యింకను వాదించుచు గూర్చుండుట వ్యర్థము. అది వచ్చినది, వంటయింట పోపులపెట్టె ప్రక్కన స్థిరనివాస మేర్పఱచుకొన్నది. మనము విచారింపవలసిన ప్రశ్న వేఱొకటి కలదు. ఈ యంత్రము చేతికి వచ్చిన తరువాత మన యిండ్లలో ఎవరు ఎవరిని నమ్ముచున్నారు? ఎవరు ఎవరిని శంకించుచున్నారు?

నా యభిప్రాయమును దాచక చెప్పెదను. శంకింపవలసినదానిని మనము నమ్ముచున్నాము, నమ్మవలసినవారిని శంకించుచున్నాము. ఊరును పేరును లేని వార్తను ఒక్క ప్రశ్నయైన నడుగక గ్రహించి పదిమందికి పంపుచున్నాము. కన్నకూతురిని మాత్రము గంటగంటకును పరీక్షించుచున్నాము. చదువుకొన్న గృహములలో, సంస్కారమునకు పేరుపడిన గృహములలో జరుగుచున్న యీ విపరీతమును గూర్చి మాటలాడుట మన విధి.

దీనిని కంటితో చూడగోరువారు హైదరాబాదు తూర్పుభాగమునకు పోవుదురు గాక. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము, దేవరకొండ దిక్కులనుండి వచ్చు బస్సులు ఎల్.బి. నగర్ మీదుగానే నగరమున ప్రవేశించును. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేటనుండి ఎల్.బి. నగర్ వఱకు మెట్రో రైలు నడచుట మొదలైనది. ఆ దారిలో కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ సందులలో మేడ మేడకును హాస్టలు బోర్డు కనబడును. గ్రూప్స్ పరీక్షలకు, డి.ఎస్‌.సి.కి, బ్యాంకు ఉద్యోగములకు, కంప్యూటరు కోర్సులకు తయారగు బాలికలు గదికి ముగ్గురు నలుగురు చొప్పున అచ్చట నివసింతురు. వీరిలో పలువురు తమ వంశమున ఊరు దాటి చదువ వచ్చిన మొదటి ఆడుబిడ్డలు. ఎకరము పొలము మీద అప్పు తెచ్చి ఫీజు కట్టిన తండ్రులు వీరికి గలరు. ఆ తండ్రులను నేను తక్కువచేసి మాటలాడను. ఆడుపిల్లకు చదువేల యనిన యూరివారి నోళ్లు మూయించి, బిడ్డను బస్సెక్కించినవారు వారే.

కాని బస్సెక్కించిన చేతితోనే వారు మఱియొక త్రాడును బిడ్డ చేతికి కట్టి పంపినారు. సాయంకాలమున దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల యొద్ద నిలిచినవారికి మాటిమాటికి వినబడు ప్రశ్న యొకటి కలదు: "యాడున్నవ్ బిడ్డా?" కూతురు "క్లాసు అయిపోయింది నాయినా, హాస్టలుకు పోతున్న" అనును. అంతటితో తృప్తి కలిగినచో చింత లేదు. "వీడియో పెట్టు, చుట్టు జూపియ్యి" యని రెండవ ఆజ్ఞ. ఆ పిమ్మట లైవ్ లొకేషన్ పంపవలెను. వాట్సాప్‌లో అది యెనిమిది గంటలకు మించి నిలువదు గనుక గడువు తీఱగానే మరల పంపవలెను. సందేశమునకు రెండు నీలిగీతలు పడి జవాబు రాకున్నచో, చూచియు పలుకలేదేమని గద్దింపు. రాత్రి పదిగంటలకు ఆన్‌లైన్‌లో నున్నావేల యని యొక ప్రశ్న. లేవేమని యింకొక ప్రశ్న. బిడ్డ యేమి చేసినను నేరమే.

పాఠకులారా, వెనుకటి యుత్తరములను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఉత్తరము క్షేమముతో మొదలయ్యెడిది. "ఇచ్చట మేమందఱము క్షేమము, నీ క్షేమమునకు జాబు వ్రాయవలెను" అని తల్లి పలుకగా పక్కింటి బాలుడు వ్రాసెడివాడు. ఆ యుత్తరము బిడ్డను "ఎట్లున్నావు?" అని యడిగెను. ఫోను "ఎక్కడ నున్నావు?" అని యడుగుచున్నది. ఎట్లున్నావనిన ప్రశ్నకు జవాబు చెప్పుటకు మనసు తెఱవవలెను. ఎక్కడ నున్నావనిన ప్రశ్నకు జవాబు చెప్పుటకు కెమెరా తెఱచిన చాలును. దినమునకు పదిమార్లు బిడ్డతో మాటలాడుచున్నామని మురియు తల్లిదండ్రులారా, ఆ పది మాటలలో ఆమె పరీక్ష యేల తప్పినదో, గదిలో తోడివారు ఆమెను ఎట్లు చూచుచున్నారో, ఆమెకు రాత్రి నిద్ర పట్టుచున్నదో లేదో యొక్కటియైన తెలిసినదా? తెలియలేదు. ఆమె చైతన్యపురిలో నున్నదని మాత్రము తెలిసినది.

పోనిండు, ఇంత కావలి వలన బిడ్డకు రక్షణమైనను కలుగుచున్నదా యనిన, అదియు లేదు. ఒక బాలికను మనసున నుంచుకొందము. ఎవడో యొక దుర్మార్గుడు ఆమె ఫొటోను సంపాదించి, దానిని మార్చి, పదిమందికి పంపెదనని బెదిరించుచున్నాడు. ఆమె యేమి చేయవలెను? 2014 అక్టోబరులో హైదరాబాదున మొదలైన షీ టీమ్స్ ఇట్టి ఫిర్యాదులను వాట్సాప్ ద్వారమునను స్వీకరించుచున్నవి. చట్టమును ఆమె పక్షముననే యున్నది. కాని యామె మొదట వెఱచునది ఆ దుర్మార్గునికి గాదు, తన యింటికి. "నాయినకు తెలిసిన ఫోను గుంజుకొందురు, చదువు మాన్పింతురు, ఊరికి తీసికొనిపోయి పెండ్లి చేయుదురు" అని యామెకు తెలియును. అందుచేత నోరు మూసికొనును. వాని బెదిరింపునకు బలమెక్కడిది? మన యింటి శంకలోనుండి వచ్చినది. బిడ్డ తన యాపదను తల్లితో చెప్పుకొనగల యింట అట్టివాని ఆట సాగదు. కావలి హెచ్చిన కొలది బిడ్డ దాచుట హెచ్చును. దాచుట హెచ్చిన కొలది దుర్మార్గునకు పట్టు హెచ్చును. రక్షణమని మనము పేరుపెట్టినది శత్రువునకు ఆయుధమగుచున్నది.

ఈ భయమునకు పూర్వచరిత్ర కలదు. 1874లో వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించిన కాలమున, ఆడువారికి అక్షరములు వచ్చినచో పరపురుషులకు జాబులు వ్రాయుదురని వాదించు పెద్దలు తెలుగుదేశమున గలరు. హైదరాబాదు రాజ్యమున తెలుగు బిడ్డలకు తెలుగున చదువు దొరకుటయే దుర్లభమైన దినములలో, 1928లో మాడపాటి హనుమంతరావుగారు నారాయణగూడలో బాలికలకు తెలుగు పాఠశాల పెట్టిరి. ఆ జాబుల భయము నేడు మనకు నవ్వు పుట్టించును. అయినను అదే భయమును ఫోను పేర మనము తిరిగి మోయుచున్నాము. కిటికీకి కట్టిన ఘోషాను విప్పితిమని చెప్పుకొనుచు, దానినే మడిచి బిడ్డ అఱచేతిలో పెట్టితిమి. అయిదేండ్ల బిడ్డను కనిపెట్టి యుండుట ధర్మము. ఓటు వేయు వయసు వచ్చిన కూతురి సందేశములను ఆమె నిద్రించుచుండగా విప్పి చదువుట ధర్మము కాదు. ఏకాంతము ప్రతి మనుష్యునకు ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సర్వోన్నత న్యాయస్థానపు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగ తీర్పు చెప్పిరి. ప్రభుత్వము మన జాబులు విప్పరాదని ఆ తీర్పును మెచ్చుకొంటిమి. మన బిడ్డ జాబులను మనము విప్పరాదని మాత్రము మనకు తోచలేదు.

ఇంత శంకాశీలురమైన మనము, మన చేతిలోని ఫోనునకు వచ్చు వార్తలయెడ నెట్లు ప్రవర్తించుచున్నామో యిక చూతము. బిడ్డ చెప్పిన మాటకు వీడియో సాక్ష్యము కోరిన తండ్రియే, కాలనీ గ్రూపులో వచ్చిన మాటకు సాక్ష్యము కోరడు. తంతి యున్న దినములలో దానిని పంపినవాని పేరుండెడిది, పుట్టిన యూరుండెడిది, మాటకింత యని వెల యుండెడిది. 2013 జులైలో ఆ తంతి మూతపడినది. ఇప్పుడు వచ్చు సందేశమునకు తల్లి లేదు, తండ్రి లేడు. "ఫార్వర్డ్" అను గుఱుతొక్కటి యున్నది. ఆ గుఱుతునకు అర్థమేమి? నాకు పంపినవాడు దీనిని వ్రాయలేదు అని. అట్టి యనాథవార్తను బంధువువలె లోనికి పిలిచి పీట వేయుచున్నాము.

దాని ఫలమెట్టిదో 2018 మే నెలలో మన తెలంగాణమే చూచినది. పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని, అవయవములు కోసికొనుచున్నారని వాట్సాప్‌లో వార్తలు వ్యాపించెను. ఆ నెల చివర హైదరాబాదు పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో, పొట్టకూటికై తిరుగుచున్న యొక ట్రాన్స్‌జెండర్ స్త్రీని గుంపు రాళ్లతోను కఱ్ఱలతోను కొట్టి చంపెను. ఆమె నెవరు చంపిరి? కొట్టినవారు చంపిరి, నిజమే. కాని ఆ గుంపు చేతికి భయమును అందించినవారెవరు? "నిజమో కాదో తెలియదు గాని, జాగ్రత్తకొఱకు పంపుచున్నాను" అని వ్రాసిన మర్యాదస్థులు. ఆ మాట వలెనే నిరపరాధముగ గనబడు పాపము మఱియొకటి లేదు. నిజమో కాదో తెలియనిచో ఏల పంపవలెను?

అదే కాలమున జోగుళాంబ గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంటుగా నున్న రెమా రాజేశ్వరిగారు ఇంకొక మార్గము చూపిరి. పోలీసులను ఊరూరికి పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, అబద్ధపు వార్తనెట్లు గుర్తింపవలెనో జనులకు బోధించిరి. ఫోను తెచ్చిన భయమును మనుష్యులు ఎదురెదుట నిలిచి పలికిన మాటతో పోగొట్టిరి. వాట్సాప్ సంస్థయు ఆ జులైలో, మన దేశమున ఒక సందేశమును ఒకమాఱు అయిదు చోట్లకంటె నెక్కువగ పంపరాదని కట్టడి చేసెను. 2020 ఏప్రిలులో, పలుమాఱులు చేతులు మాఱిన సందేశమును ఒక్క చోటికే పంపవచ్చునని మఱింత బిగించెను. వ్యాపారసంస్థకు తోచిన మితము సంస్కారము గల గృహస్థునకు తనంతట తోచకుండుట సిగ్గుచేటు.

2020 ఫిబ్రవరి చివర, కోడిమాంసము వలన కరోనా వచ్చునను వదంతిని పోగొట్టుటకై హైదరాబాదున మంత్రులు వేదిక నెక్కి కోడికూర తిని చూపవలసి వచ్చెను. ఆ వదంతిని పంపినవారందఱు నక్షరము వచ్చినవారే. చదువు లేనివాడు చదివి పంపనేరడు గదా!

వార్తలయందలి గ్రుడ్డినమ్మకము పరులకే కీడు చేయుననుకొందురేమో. అది తిరిగి మన గడపకే వచ్చును. 2020 డిసెంబరులో, ఫోనులో క్షణమున అప్పిచ్చు యాప్‌ల వేధింపునకు తాళలేక తెలంగాణమున కొందఱు ప్రాణములు తీసికొనిరి. ఆ యప్పులవారి పద్ధతి యెట్టిది? అప్పు తీసికొన్నవాని ఫోనులోని పేర్లనన్నిటిని లాగికొని, గడువు దాటగానే మేనమామకు, వియ్యపురాలికి, ఆఫీసులోని తోడివారికి "వీడు దొంగ" యని సందేశములు పంపుట. పోలీసులు కాల్ సెంటర్లపై బడి పలువురిని పట్టుకొనిరి. రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించెను. 2022 సెప్టెంబరున, అప్పిచ్చు యాప్‌లు ఫోనులోని పేర్ల జాబితాను ముట్టరాదని నిబంధించెను. అన్నియు సరియే. కాని ఆ యాయుధమునకు పదును పెట్టినదెవరు? ముక్కు మొగమెఱుగని వాడు పంపిన మాటను నమ్మి, పుట్టినప్పటినుండి యెఱిగిన మేనల్లుని దొంగగ జూచు బంధువులున్నారన్న ధైర్యమే వారి పెట్టుబడి. పది యిండ్లవారు "మా వాని సంగతి మాకు తెలియును, నీవెవడవు?" అని యడిగియున్నచో ఆ వ్యాపారము ఒక్కనాడును సాగకపోవును.

ఇప్పుడు డిజిటల్ అరెస్టు అను క్రొత్త మోసము వచ్చినది. పోలీసు దుస్తులు ధరించినవాడొకడు వీడియోలో కనబడి, నీ పేర మాదకద్రవ్యముల పార్సెలు దొరికినదని, కెమెరా ముందునుండి కదలరాదని, ఇంటిలో నెవరితోను చెప్పరాదని శాసించును. రిటైరయిన యుద్యోగులు, చదువుకొన్న గృహిణులు జీవితమున కూడబెట్టిన ధనమును వాని ఖాతాలకు పంపుచున్నారు. చట్టమున అట్టి అరెస్టే లేదని 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియోలో చెప్పవలసినంత దూరము వచ్చినది. ఇచ్చట గమనింపవలసినదేమనగా, "ఇంటివారితో చెప్పవద్దు" అను మాటయే ఆ మోసమునకు ప్రాణము. ప్రక్కగదిలో నున్న కొడుకును, కోడలిని పిలిచి "ఇట్లు ఎవడో యనుచున్నాడు, చూడు" అని యన్నచో అది ఆ క్షణముననే చచ్చును. ఏల పిలువరు? శంకతో నడచిన యింట ఎవరును ఎవరితోను భయము చెప్పుకొను నలవాటు లేదు గనుక. బిడ్డ తన బెదిరింపును ఎట్లు దాచెనో, తండ్రియు తన బెదిరింపును అట్లే దాచును. విత్తు ఒక్కటియే.

ఇందుకు కొందఱు, "కాలము చెడ్డది; దూరమున నున్న బిడ్డకై భయపడుట ప్రేమ కాదా?" యని యడుగుదురు. ప్రేమయే. 2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలమున దిల్‌సుఖ్‌నగరున రెండు బాంబులు ప్రేలి పలువురు మరణించినప్పుడు, ఆ వీధుల హాస్టళ్లలో బిడ్డలున్న ప్రతి తల్లియు ఒక్క మాటకై ఎంత తపించియుండునో యూహింపగలము. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెఱువు దిగువ కాలనీలు నీట మునిగినప్పుడును అంతియే. అట్టి వేళ ఫోను దేవుని పంపు. దానిని నేను కాదనను. కాని ఆపద్దినమున పలుకరించుట వేఱు; ప్రతిదినమును ఆపద్దినముగ జేయుట వేఱు. నిప్పంటుకొన్నప్పుడు తలుపు పగులగొట్టుదుము. అందుచేత దినమున కొక తలుపు పగులగొట్టుదుమా?

ఇంకొక మాట. ఈ ప్రేమ కొడుకులయెడ ఏల కనబడదు? అదే వీధిలో బాలుర హాస్టళ్లును గలవు. కొడుకును లైవ్ లొకేషన్ అడిగిన తండ్రులెందఱు? వానిని "ఎవరి పిల్లనైన వేధించుచున్నావా?" యని యడిగిన తల్లులెందఱు? బెదిరించు దుర్మార్గుడు ఆకాశమునుండి ఊడిపడలేదు; వాడును ఎవరింటి కొడుకో యొకడు. కావలి నిజముగ వలసినచోట లేక, వలదనినచోట నున్నది. 2019-21 నడుమ జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేను చూచినచో, తెలంగాణమున ఎన్నడైనను ఇంటర్నెట్ వాడితిమనిన పురుషులు నూటికి 57.4 మంది, స్త్రీలు 26.5 మంది, ఆంధ్రప్రదేశమున పురుషులు 48.8, స్త్రీలు 21.0. ఫోను ఆడువారిని చెఱచుచున్నదని కేకలు వేయువారు మొదట ఈ యంకెలకు సమాధానము చెప్పవలెను. ఆ సర్వే నాటికి ఇంటర్నెట్ ఆడువారిలో సగముమందికైనను చేరలేదు. చేరినవారికి కావలితోగూడ చేరినది.

సోదరీమణులారా, గృహస్థులారా, కర్తవ్యము కష్టమైనది కాదు. బిడ్డపై ప్రయోగించు పరీక్షను వార్తపై ప్రయోగింపుడు. సందేశము రాగానే దానిని "యాడున్నవ్? ఎవరు పంపిరి? ఎప్పటి మాట? నీతో నెవరున్నారు?" అని యడుగుడు. జవాబు రానిచో అచ్చటనే ఆపుడు. వదంతి మన ఫోనులో చచ్చినచో మనకు పుణ్యమే గాని నష్టము లేదు. డబ్బడుగు అపరిచితుని మాట విన్నంతనే ఇంటిలో నొకరిని పిలిచి బిగ్గరగ చెప్పుడు; ధనము పోయినచో సిగ్గుపడక వెంటనే 1930 నంబరునకు తెలుపుడు. వార్తయెడ చూపుచున్న యుదారబుద్ధిని బిడ్డయెడ చూపుడు. "నీకేమి యాపద వచ్చినను, తప్పు నీదేయైనను, మొదట మాతో చెప్పుము, ఫోను గుంజుకొనము, చదువు మాన్పము" అని మాట యిండు, ఇచ్చిన మాట నిలుపుకొనుడు. ఆమె తానుగ పంపిన నాడు లొకేషన్ చూడుడు, అడిగి తెప్పింపకుడు. తల్లికిని కోడలికిని వారి ఫోను వారిదిగా నుండనిండు, వాడుట నేర్పుడు.

ఈ రాత్రి మీ కూతురికి ఫోను చేయుడు. ఎక్కడ నున్నావని యడుగకుడు. ఎట్లున్నావని యడిగి, ఆమె చెప్పునంతవఱకు ఊరకుండి వినుడు. మొదట ఆమె ఆశ్చర్యపడును, పిదప "ఏమయింది నాయినా?" అని భయపడును. ఆ భయమే మనము ఇన్నాళ్లు ఏమి చేసితిమో మనకు తెలుపును. ఆ భయము పోవు దినము వఱకు అడుగుచు నుండుడు.